అరుగు, పడవ, ఫోను: గ్రంథాలయం గుమ్మం దిగే దారులు
(బాలాపూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సాయంత్రం మనం ఎవరిని తలుచుకోవడానికి కూడామో ఆయన పేరు వెనక బ్యానరు మీద ఉంది. ఆ పేరు పెట్టి నేను ఎన్నడూ పిలవలేదు. ఈ ఊళ్లో మా తరం వాళ్లు ఎవరూ పిలవలేదు. మాకు ఆయన సారు. ఇవాళ కూడా సారు అనే అంటాను. పెద్దలు మన్నించాలి.

బాలాపూర్ పంచాయతీగా ఉన్న రోజుల్లో సారు తన ఇంటి ముందుగదిలో పఠనాలయం నడిపారు. రెండు బల్లలు, ఒక రేకు పెట్టె, గోడకు తగిలించిన దినపత్రికల కర్ర. ఆస్తి అంతే. ఆదివారం పొద్దున్నే సైకిలు మీద చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లేవారు. తన కార్డు మీద, ఇద్దరు స్నేహితుల కార్డుల మీద పుస్తకాలు తెచ్చి వారమంతా ఊరికి చదవడానికి ఇచ్చేవారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. సంచి దించడం, పుస్తకాల వెనక తేదీ చీటీ చూసి రిజిస్టరులో రాయడం నా పని. నేను తర్వాత లైబ్రేరియన్‌నయ్యానంటే ఆ రిజిస్టరే కారణం.

సారు ఎవరినీ లోపలికి రమ్మని పిలవడం నేను చూడలేదు. దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూర్చొని పుస్తకం తెరిచి పైకి చదివేవారు. బర్రెలు తోలుకొచ్చేవాళ్లు ఆగేవాళ్లు. క్వారీ పని నుంచి తిరిగి వచ్చేవాళ్లు తలపాగా దులుపుకొంటూ నిలబడేవాళ్లు. కాసేపటికి ఎవరో ఒకరు, “తర్వాతేమైంది సారూ?” అనేవారు. సారు పుస్తకం మూసి వాళ్ల చేతిలో పెట్టి, “నువ్వు చదివి నాకు చెప్పు” అనేవారు. చదువు రానివాళ్లైతే, “మీ ఇంట్ల బడికి పోయే పిల్ల పేరేంది?” అని అడిగి, ఆ పిల్ల పేరు మీద పుస్తకం రాయించేవారు.

గ్రంథాలయాలు ఫోను ద్వారా తమను తాము ప్రత్యక్షంగా చూపించుకొని జనంలోకి ఎలా వెళ్లవచ్చో మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఇంగ్లీషులో లైవ్ వర్చువల్ టూర్ అంటున్నారు. నేను లైవ్ టూర్ అంటాను. ఆ మాట వినగానే నాకు సారు అరుగే కళ్ల ముందుకు వచ్చింది. ఎందుకో చెబుతాను.

‘లైవ్’ అంటే ఏమిటో బాలాపూర్‌కు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1994లో మన గణేశుడి లడ్డూ వేలంలో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షలు దాటింది, 2025లో 35 లక్షలకు చేరింది. వేలం పాట నడుస్తున్నంతసేపు టీవీల్లో, ఫోన్లలో తెలుగు లోకమంతా బాలాపూర్ బొడ్రాయి ముందు నిలబడి ఉంటుంది. అమెరికాలో ఉన్న మా మేనకోడలు అక్కడి రాత్రి మేలుకొని చూసి, “మామా, నువ్వు ఎర్ర కండువా ఆయన వెనకాల నిలబడ్డవు గదా” అని ఫోను చేస్తుంది. ఆమె చూసింది రికార్డింగు అయితే ఆ ఫోను వచ్చేది కాదు. ఇప్పుడు జరుగుతోంది, తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు, నేనూ అక్కడే ఉన్నాను అనిపించడంలోనే లైవ్ బలమంతా ఉంది.

వేలం ముగిశాక గణేశుడు నిమజ్జనానికి ఊరు కదులుతాడు. చాంద్రాయణగుట్ట, చార్మినార్ దాటి, మూసీ మీది నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ చేరతాడు. అక్కడ నది ఒడ్డున తెల్లగా, ఎత్తుగా కనిపించే భవనం రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936లో ఈ భవనంలోకి వచ్చింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, మరాఠీ, కన్నడం, పారశీకం, అరబ్బీ, ఇన్ని భాషల పుస్తకాలు ఒకే కప్పు కింద ఉన్న చోటు అది. ఏటేటా వేలమంది బాలాపూర్ వాళ్లం దాని పక్కనుంచి నడిచిపోతాం. ఆ మెట్లు ఎక్కినవాళ్లు మనలో ఎందరు? పదేళ్లుగా ఈ ప్రశ్న ఇంటింటా అడుగుతున్నాను. “అదా, అది ఆఫీసనుకున్న” అన్నవాళ్లున్నారు. “కోర్టు గదా” అన్నవాళ్లున్నారు. “పెద్ద చదువులోళ్లకు గదా సార్, మమ్మల్ని రానిస్తరా?” అని ఒక తల్లి అడిగింది. దూరం అని మాత్రం ఎవరూ అనలేదు.

బాలాపూర్ చౌరస్తాలో బస్సెక్కితే దిల్‌సుఖ్‌నగర్, అక్కడ మెట్రో ఉంది. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో 2018లోనే వచ్చింది. దూరం సమస్య అయితే అది ఎప్పుడో తీరిపోవాలి. అడ్డం ఉన్నది బిడియం. గుమ్మం దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలో తెలియదు. ఎవరిని అడగాలో, డిపాజిట్ ఎంతో తెలియదు. తప్పుగా నడుచుకుంటే నలుగురిలో మాట పడాలేమోనన్న భయం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు పొద్దున్నే వచ్చి రీడింగ్ రూములో కుర్చీ పట్టుకుంటారు. గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకొని తల ఎత్తరు. ఆ నిశ్శబ్దం చూసి గాజుల దుకాణం నడిపే ఆమె గుమ్మం నుంచే తిరిగిపోతుంది. ఇది ఆ పిల్లల తప్పు కాదు, వాళ్లకు చోటు ఉండాల్సిందే. గాజుల దుకాణం ఆమెను లోపలికి తెచ్చే మనిషి మాత్రం మనకు లేకుండా పోయాడు.

తెలుగునాట గ్రంథాలయోద్యమం ఆ మనిషిని తయారుచేయడంతోనే మొదలైంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరిచినప్పుడు దానికి సొంత భవనం లేదు. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఆయన పక్కన నిలిచారు. తెలుగు చదివేవాడికి పాలనలో, బడిలో చోటు లేని రాజ్యంలో ఒక ఇంటి గుమ్మం తెరిచి, ఇది మీదే అన్నారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ సంఘాన్ని భుజానికెత్తుకొన్న అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేయించారు. బరోడాలో శాయాజీరావు గైక్వాడ్ పుస్తకాలను పెట్టెల్లో సర్ది పల్లెలకు పంపారు. 1931లో తమిళదేశంలోని మన్నార్‌గుడిలో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారి అండతో పుస్తకాల ఎడ్లబండి కదిలింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాల మూట తానే మోసుకొంటూ తెలంగాణ పల్లెలు తిరిగారు.

వీటన్నిటిలో నా మనసు పట్టి లాగేది పడవ. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య పడవ గ్రంథాలయం నడిపించారు. ఆయన కొత్తగా కాలువ తవ్వలేదు. సరుకులు, జనం అప్పటికే ఆ నీటి మీద పోతున్నారు. జనం దేనికి అలవాటు పడ్డారో దాని మీదికే పుస్తకాన్ని ఎక్కించారు. పడవ గట్టుకు వచ్చిందంటే పుస్తకంతోపాటు మనిషి వచ్చేవాడు. “పోయినసారి ఇచ్చింది చదివారా? ఈసారి ఏం కావాలి?” అని అడగగలిగే మనిషి.

ఇప్పుడు మన ఇళ్ల మధ్య పారుతున్న కాలువ ఫోను. 2016 తర్వాత డేటా ధర పడిపోయి అది ప్రతి గల్లీకీ వచ్చింది. ఫోను చదువును పాడుచేసింది, మళ్లీ ఆ ఫోన్లోకే గ్రంథాలయాన్ని తోస్తారా అని మిత్రులు నన్ను కోప్పడుతున్నారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ కాలువలో మురుగు ఉందని నాగభూషణంగారు పడవ ఆపలేదు.

రెండేళ్ల కిందట మేం ముగ్గురం పదవీ విరమణ చేసిన లైబ్రేరియన్లం ఒక ప్రయత్నం చేశాం. నగరంలోని ఒక పాత గ్రంథాలయం వారు దయతో అనుమతి ఇచ్చారు. మొదటిసారి చేసింది పూర్తిగా తప్పు, ఆ తప్పు నాదే. ఫోను పట్టుకొని ముఖద్వారం దగ్గర మొదలుపెట్టాను. స్థాపించిన సంవత్సరం, శంకుస్థాపన ఫలకం, గ్యాలరీ, బీరువాల సంఖ్య, వర్గీకరణ పద్ధతి, అన్నీ వరుసగా చెప్పుకొంటూ పోయాను. అటు బాలాపూర్‌లో కుట్టు శిక్షణ కేంద్రంలో నలభై మందిదాకా కూర్చున్నారు. ముప్పావు గంటకు నా తోటి మిత్రుడు అటునుంచి ఫోను చేసి, “ఇక ఆపేయి, ఆరుగురం మిగిలాం” అన్నాడు. నేను భవనాన్ని చూపించాను. వాళ్లకు భవనంతో ఏం పని?

రెండోసారి టూర్‌కు వారం ముందే కేంద్రానికి వెళ్లి, “అక్కడ ఏమేం ఉన్నయో చెప్పను, మీకేం చూడాలనుంది?” అని అడిగాం. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒకామె జాకెట్టు కటింగుల పుస్తకం ఉంటదా అంది. షాహీన్‌నగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉర్దూలో పిల్లల కథలు ఉన్నాయా అని అడిగింది. తన నాయనమ్మకు తోడుగా వచ్చిన ఇంటర్ పిల్ల నవ్వుతూ, “మా నాయనమ్మ పోలీసు యాక్షన్ నాటికి పాలు తాగే పిల్లంట. ఆ రోజుల పేపరు దొరుకుద్దా?” అంది. నాయనమ్మ, “ఊకో, గయ్యన్నీ ఏడుంటయి” అని గసిరింది.

ఆ వారం పత్రికల బైండు సంపుటాలు వెతికి పోలీసు యాక్షన్ జరిగిన 1948 సెప్టెంబరు తీసి పెట్టాం. టూర్ రోజు ముఖద్వారం దగ్గర నిలబడలేదు, తిన్నగా ఆ సంపుటం ఉన్న బల్ల దగ్గరే మొదలుపెట్టాం. పాత కాగితాన్ని బల్లపరుపుగా తెరవకూడదు, కుట్టు దగ్గర విరిగిపోతుంది. అందుకని రెండువైపులా చిన్న దిండ్లు పెట్టి, సంపుటాన్ని సగమే తెరిచి, వేలితో కాక మెత్తని పట్టీతో పేజీ ఎత్తాం. కాగితం టీ డికాషన్ రంగుకు వచ్చింది. అంచులు పొట్టులా రాలుతున్నాయి. పైనున్న ట్యూబులైటు కాగితం మీద పడి మెరుస్తుంటే ఫోను కొంచెం వంచాం. అప్పుడు అక్షరం తేరింది. అటువైపు మనవరాలు గట్టిగా చదువుతోంది. నాయనమ్మ మాట్లాడలేదు. పేజీ చివరికి వచ్చేసరికి ఆ ముసలామె గొంతు స్పీకరులో వినపడింది: “ఇంకో పేజీ తిప్పు బిడ్డా.”

బిడ్డా అన్నది నన్ను. నా వయసు అరవై నాలుగు. ఆమె ఎన్నడూ గుమ్మం తొక్కని గ్రంథాలయంలో ఒక మనిషిని పేజీ తిప్పమని అడిగింది, అతడు తిప్పాడు. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు ఎంతో అందంగా చూడవచ్చు. అది గొప్ప సేవ, నేను తక్కువ చేయను. కానీ అక్కడ పేజీ తిప్పమని అడగడానికి ఎవరూ లేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి ప్రపంచమంతా గ్రంథాలయాలు తలుపులు మూసినప్పుడు అమెరికాలో ఎన్నో ఊళ్ల లైబ్రేరియన్లు తమ ఇళ్ల నుంచే పిల్లలకు లైవ్‌లో కథలు చదివారు. పిల్లలకు రికార్డింగు కన్నా అదే నచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు, చదివే ఆంటీ వాళ్లను పేరు పెట్టి పిలిచేది.

ఈ పని చేయాలనుకొనే గ్రంథాలయాల వారికి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాలి. ఫోను పట్టేవారు ఒకరు, మాట్లాడేవారు ఒకరు ఉండాలి. ఒక్కరే రెండూ చేస్తే చెయ్యి వణుకుతుంది, మాటా వణుకుతుంది. అసలు ముఖ్యుడు మూడో మనిషి. అతడు జనం వైపు కూర్చొని, సిగ్గుపడేవాళ్ల ప్రశ్నను తన నోటితో అడగాలి. బాలాపూర్ లాంటి చోట చాలా ఇళ్లలో మంచి ఫోను ఒకటే ఉంటుంది, అది పగలు మగవారితో పనికి పోతుంది. అందుకే ఎవరి ఫోన్లో వాళ్లు చూడండి అని లింకు పంపితే ఆడవాళ్లు, ముసలివాళ్లు మిగిలిపోతారు. కుట్టు కేంద్రంలోనో, అంగన్‌వాడీలోనో, మసీదు పక్క గదిలోనో ఒక టీవీ పెట్టి కలిసి చూడాలి. పాత భవనాల గోడలు మందం, పుస్తకాల గదిలో సిగ్నల్ అందదు. ముందురోజు అదే వేళకు అన్ని మూలలా నడిచి చూసుకోవాలి. ఫ్యాను కింద నిలబడి మాట్లాడితే అటు గాలి చప్పుడే వినపడుతుంది. అరగంట మించకూడదు.

చదువుకొనేవాళ్ల ముఖాల మీదికి కెమెరా తిప్పవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో చెప్పి వచ్చిన ఆడపిల్ల ఉంటుంది, చెప్పకుండా వచ్చిన ఆడపిల్లా ఉంటుంది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచి, పగలంతా పేపరు ముందు కూర్చొనే మధ్యవయసు ఆయన ఉంటాడు. గ్రంథాలయం వాళ్లకు ఇచ్చే మరుగు చిన్నది కాదు. చేతులు చూపించండి, అరలు చూపించండి, పుస్తకం చూపించండి.

లైవ్‌లో చదివి వినిపించవచ్చా అని కాపీరైటు సంగతి అడుగుతారు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు, వట్టికోట 1961లో. సురవరం వారు బతికుండగా అచ్చయిన పుస్తకాలు 2014 నుంచి, వట్టికోట ‘ప్రజల మనిషి’ నవల 2022 నుంచి అందరివీ. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పైకి చదవవచ్చు. ఈ నేల మనుషుల గురించి ఈ నేల మనుషులే రాసిన పుస్తకాలు మన చేతికి వచ్చి ఉన్నాయి. మొదట వాటినే చదవండి.

దూరదేశాల తెలుగువాళ్ల మాట కూడా ఒకటి. డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి పుస్తకాలు చదివి చర్చించుకొంటోంది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, దాని భవనానికి 1929లో గాంధీగారు పునాదిరాయి వేశారు. ఆ అరల ముందు ఒక లైబ్రేరియన్ ఫోను పట్టుకొని నిలబడితే డెట్రాయిట్ వారు, బాలాపూర్ కుట్టు కేంద్రం వారు ఒకేసారి చూడవచ్చు. చూపించే క్రమంలో మాత్రం బాలాపూర్ ప్రశ్న ముందు రావాలని నా కోరిక. డాలరు చందా ఇచ్చేవారి ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికైనా సులువే.

అన్నిటికన్నా ముఖ్యమైనది టూర్ అయిపోయాక జరగాలి. పాతూరివారి పడవ పుస్తకాలు చూపించి పోలేదు, ఇచ్చి పోయింది. మళ్లీ వచ్చి తీసుకొంది. లైవ్‌లో జాకెట్టు కటింగుల పుస్తకం చూపించి, మరుసటి వారం ఆ పుస్తకం కుట్టు కేంద్రానికి చేరకపోతే మనం చేసింది తమాషా. చూపించిన ప్రతి పుస్తకం నంబరు రాసిపెట్టుకోవాలి. కావాలన్నవారి పేరు రాసుకోవాలి. సైకిలు మీదో, ఆటోలోనో, ఎవరి కార్డు మీదో అది ఇంటికి పోవాలి. ఎంతమంది లైవ్ చూశారు, ఎన్ని లైకులు వచ్చాయి అనే లెక్క నాకు వద్దు. ఎంతమంది అడిగారు, వారిలో ఎంతమంది తర్వాత తమ కాళ్లతో నడిచి వచ్చారు? ఈ రెండు లెక్కలే రిజిస్టరులో రాయండి. మా రిజిస్టరులో ఆ ఏడాది నడిచి వచ్చినవాళ్లు పదకొండు మంది. అందులో ఆ ఇంటర్ పిల్ల ఒకతె. మొదటి రోజు గుమ్మంలో ఆగి, లోపలికి చూసి, “ఆ బల్లే గదా సార్, మా నాయనమ్మ పేపరు చూసింది?” అంది. అప్పుడు చెప్పులు ఎక్కడ విడవాలని అడగలేదు.

ఆఖరుగా మీ అందరికీ ఒక విన్నపం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు. కిరాయికి ఉన్నవాళ్లు కూడా కిరాయిలో భాగంగా కట్టినట్టే. మమ్మల్ని రానిస్తరా అని అడిగిన ఆ తల్లి కూడా కట్టింది. ఈసారి పన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు ఆ వరుస ఎక్కడుందో వెతికి చూడండి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆలోపు మీ ఇంట్లో పెద్దలను, పిల్లలను, మీరు చూడాలనుకొన్న పుస్తకం ఏదని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు కాగితం మీద రాసి కుట్టు కేంద్రంలో ఇవ్వండి. ఈ ఏడు టూర్ ఆ కాగితాలతోనే మొదలుపెడతాం.